వచ్చిపోయే ఇంటర్నెట్: లోపం ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

ఇటీవలి కాలంలో మన సంఘానికి వచ్చే అర్జీల్లో కొత్త రకం ఒకటి చేరింది. మందులు, కాలేజీ ఫీజులు, పెళ్లి ఖర్చుల కోసం వచ్చేవారితో పాటు, "మా ఇంట్లో నెట్ సరిగా రావడం లేదు, పిల్లల చదువు పాడవుతోంది, ఒక మంచి రూటర్ ఇప్పించండి" అని అడిగేవారూ వస్తున్నారు. దాతల్లో కొందరు తమంతట తామే "ఉదయగిరిలో ఫలానా కుటుంబానికి మా తరఫున వైఫై పెట్టె కొనివ్వండి" అని డబ్బు పంపుతున్నారు. మంచి మనసుతో పంపిన ఆ డబ్బు ఫలితమివ్వాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు దొరకాలి. ఆ ఇంట్లో లోపం నిజంగా రూటర్‌లోనే ఉందా?

చాలాసార్లు ఉండదు. రూటర్ మార్చినా వారం తిరక్కముందే పాత కథే మొదలవుతుంది. అందుకే ఏదైనా కొనేముందు లోపం ఎక్కడుందో, ఏ వేళకు వస్తోందో తేల్చుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, వారం రోజుల ఓపిక ఉంటే ఏ ఇల్లాలైనా, ఇంటర్ చదివే ఏ పిల్లవాడైనా చేయగలిగిన పని. ఆ పద్ధతిని దాతలకూ, వారి ద్వారా ఊళ్లో ఉన్న కుటుంబాలకూ తెలియజేయడానికే ఈ వ్యాసం.

ఎవరికి ఏం నష్టం

ఇంటర్నెట్ పూర్తిగా పోతే ఒక రకంగా నయం. పోయిందని అందరికీ తెలుస్తుంది, ఫిర్యాదు చేస్తాం, మనిషి వచ్చి బాగుచేస్తాడు. వచ్చిపోయే ఇంటర్నెట్‌తోనే చిక్కు. మనిషి వచ్చే సమయానికి అది చక్కగా పనిచేస్తూ ఉంటుంది. "బాగానే ఉంది కదమ్మా" అని ఆయన వెళ్లిపోతాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోగా మళ్లీ పోతుంది.

ఉదయగిరి, ఆత్మకూరు, వాటి చుట్టుపక్కల మండలాల్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. ఇక్కడి ఎన్నో ఇళ్లలో సంపాదించే మనిషి గల్ఫ్‌లో ఉంటాడు. పగలంతా పని చేసి రాత్రి గదికి చేరాక ఫోను చేస్తాడు. ఆ అరగంటలో లైను నాలుగుసార్లు తెగితే "అమ్మీ, వినబడుతోందా?" అనడంతోనే సమయం గడిచిపోతుంది. ఉదయగిరి చెక్క చెంచాలు చేసే ఇళ్లవారు ఇప్పుడు నమూనాల ఫోటోలు ఫోనులోనే పంపుతున్నారు. సమయానికి ఫోటో వెళ్లకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజు రాత్రి సగం నింపిన ఫారం మధ్యలో లైను పోతే సంవత్సరం నష్టపోయేది ఆ విద్యార్థే. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో కూడా అంతే.

ఇంటర్నెట్ మన ఇంటికి వచ్చే దారి

లోపం వెతకాలంటే దారి తెలియాలి. ఇంటర్నెట్ మన చేతిలోని ఫోనుకు చేరడానికి నాలుగు ముక్కల దారి దాటుతుంది.

మొదటి ముక్క, ఫోనుకూ ఇంట్లోని వైఫై పెట్టెకూ మధ్య గాలిలో ఉన్నది. రెండోది ఆ పెట్టె, దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్. మూడోది పెట్టె నుంచి బయటికి వెళ్లి, స్తంభాల మీదుగా ఆపరేటర్ గదికి చేరే ఫైబర్ వైరు. నాలుగోది ఆపరేటర్ గది నుంచి నెల్లూరుకు, అక్కడి నుంచి బయటి ప్రపంచానికి వెళ్లే పెద్ద లైను.

మన రాష్ట్రంలో మూడో ముక్క ఎక్కువగా గాలిలోనే వేలాడుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో ఫైబర్‌నెట్ సంస్థను ఏర్పాటు చేసినప్పుడు, నేలను తవ్వి కేబుల్ వేస్తే ఖర్చూ కాలమూ ఎక్కువ పడతాయని, కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24,000 కిలోమీటర్ల కేబుల్ లాగారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రాజెక్టును ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇస్తామన్నది అప్పట్లో పెద్ద విశేషం. ఊళ్లలో ఇతర కంపెనీల కేబుళ్లు కూడా స్తంభాల మీదుగా, మిద్దెల మీదుగానే వస్తాయి. పల్లెలకు ఇంటర్నెట్ త్వరగా, చౌకగా అందింది ఈ పద్ధతి వల్లే. అయితే గాలికి ఊగేది, వానకు తడిసేది, ఎండకు ఎండేది, చెట్టు కొమ్మ పడితే తెగేదీ కూడా ఆ కేబులే.

ఆ కేబుల్ లోపల ఉండేది రాగి తీగ కాదు, గాజు పోగు. దాని మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. అందులో వెలుగు ప్రయాణించే నడిమి భాగం 9 మైక్రాన్లే, తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. ఆపరేటర్ గది నుంచి ఒక పోగులో వచ్చే వెలుగును దారిలో చిన్న పెట్టెల్లో పంచి 8, 16, 32 ఇళ్లకు ఇస్తారు. 32 ఇళ్లకు పంచితే ఒక్కో ఇంటికి అందేది అసలు వెలుగులో ముప్పై రెండో వంతు కన్నా తక్కువే.

అంచున ఉన్న లైను

వచ్చిపోయే లోపానికి ముఖ్య కారణం ఇక్కడే అర్థమవుతుంది. ఇంటికి చేరే వెలుగు బలాన్ని డీబీఎం అనే లెక్కలో కొలుస్తారు. అది మైనస్ అంకెల్లో ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 దాకా ఉంటే లైను హాయిగా నడుస్తుంది. మైనస్ 27 దగ్గరికి వస్తే పెట్టె ఆ వెలుగును పట్టుకోవడానికి తంటాలు పడుతుంది. అది కూడా దాటితే లైను పోతుంది. ఈ లెక్కలో 3 అంకెలు తగ్గడమంటే వెలుగు సగమైపోవడం.

మైనస్ 20 ఉన్న ఇంట్లో వాన వల్ల ఒకటి రెండు అంకెలు తగ్గినా ఎవరికీ తెలియదు. మైనస్ 26 ఉన్న ఇంట్లో అదే వాన కురిస్తే లైను పోతుంది. వాన ఆగి జాయింటు ఆరితే మళ్లీ వస్తుంది. అంటే ఆ ఇంటి లైను మొదటి నుంచీ అంచునే ఉంది, వాన దాన్ని కొంచెం తోసిందంతే. అలాంటి ఇంటికి ఎంత ఖరీదైన రూటర్ కొన్నా ఫలితం ఉండదు. దారిలో వెలుగు ఎక్కడ వృథా అవుతోందో చూసి సరిచేయాలి.

ఎక్కువ వేగం ఉన్న ప్లాన్ తీసుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అదీ సరికాదు. మన దేశంలో 2023 జనవరి నుంచి కనీసం 2 ఎంబీపీఎస్ వేగం ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని నిర్ణయించారు. ఒక వీడియో కాల్‌కు ఆ మాత్రం వేగం సాధారణంగా చాలు. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో తెగిపోయే కాల్ 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లోనూ తెగుతుంది. లీకవుతున్న పైపులోకి ఎక్కువ నీళ్లు వదిలినంత మాత్రాన లీకు ఆగదు కదా.

మొదటి పని: దీపాలు చూడటం

నెట్ పోగానే స్విచ్ ఆపి వేయడం అందరికీ అలవాటు. దయచేసి ఆ పని ఒక నిమిషం ఆపి, ముందు పెట్టె మీది దీపాలు చూడండి. స్విచ్ ఆపితే లోపం ఆనవాళ్లు కూడా పోతాయి.

పవర్ దీపమే వెలగకపోతే, లేదా దీపాలన్నీ ఆరి మళ్లీ ఒక్కొక్కటిగా వెలుగుతుంటే, అది కరెంటు లేక అడాప్టర్ సమస్య. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే బయటి నుంచి వెలుగు రావడం లేదని అర్థం. అది మూడో ముక్కలో లోపం. పాన్ అనే దీపం నిలకడగా పచ్చగా ఉండాలి. అది టపటపా కొట్టుకుంటుంటే పెట్టె ఆపరేటర్ గదితో కలవడానికి ప్రయత్నిస్తూ ఉందని అర్థం. దీపాలన్నీ సక్రమంగా ఉండి కూడా నెట్ రాకపోతే లోపం మొదటి ముక్కలోనో, నాలుగో ముక్కలోనో ఉంటుంది.

ఫోనులో కెమెరా ఉండనే ఉంది. నెట్ పోయిన క్షణంలో దీపాలకు ఒక ఫోటో తీసి ఉంచండి. ఫోటో మీద టైము కూడా పడుతుంది. తర్వాత వచ్చే మనిషికి చూపడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

రెండో పని: ఏ ముక్కలో లోపం?

దీపాలు బాగుండి కూడా నెట్ ఆగుతుంటే ఈ చిన్న పరీక్షలు చేయాలి.

ఒక ఫోనులోనే ఆగుతోందా, ఇంట్లోని ఫోన్లన్నిటిలోనూ ఆగుతోందా? ఒక్క ఫోనులోనే అయితే లోపం ఆ ఫోనుది. వెనక గదిలో ఆగుతూ, పెట్టె పక్కన కూర్చుంటే బాగుంటే అది వైఫై సమస్య. మీ ఇంట్లో పోయినప్పుడు పక్కింట్లో అదే కంపెనీ లైను పనిచేస్తోందా? ఇద్దరికీ ఒకేసారి పోతే లోపం బయటిది. మీకు ఒక్కరికే పోతే, స్తంభం మీది పెట్టె నుంచి మీ ఇంటి దాకా ఉన్న వైరులోనో, మీ ఇంట్లోనో వెతకాలి.

ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా కచ్చితంగా తేల్చవచ్చు. వైఫై ఆపేసి, ల్యాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు కలపండి. అప్పుడు బాగుంటే మొదటి ముక్కదే తప్పు. తర్వాత పింగ్ పరీక్ష చేయండి. ఉచితంగా దొరికే పింగ్ యాప్‌లతో ఫోనులోనూ చేయవచ్చు. ముందు మీ పెట్టె నంబరుకు పింగ్ చేయాలి. అది సాధారణంగా 192.168.1.1 ఉంటుంది, కొన్ని పెట్టెల్లో వేరుగా ఉంటుంది, అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. తర్వాత బయట ఉన్న 8.8.8.8 అనే నంబరుకు చేయాలి, అది గూగుల్ వారిది. పెట్టె నుంచే జవాబు రాకపోతే లోపం ఇంట్లో ఉంది. పెట్టె జవాబిచ్చి, బయటి నంబరు జవాబివ్వకపోతే లోపం పెట్టె దాటాక ఉంది. రెండూ జవాబిస్తూ, ఏదో ఒక యాప్ మాత్రమే పనిచేయకపోతే మీ లైనులో లోపం లేదు.

ఈ చివరి మాట గల్ఫ్ కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు చాలాకాలంగా అనుమతి లేదు. మెసేజ్‌లు వెళతాయి, కాల్ మాత్రం కలవదు, లేదా కలిసి మాట వినబడదు. అక్కడ బొటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లే వాడుతుంటారు. దుబాయ్ నుంచి కాల్ కలవడం లేదని ఇక్కడ ఇంట్లో రూటర్ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడి వారు ఏ యాప్ వాడుతున్నారో ముందు అడగండి.

మూడో పని: టైము రాసుకోవడం

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒక వారం రోజులు, నెట్ పోయిన ప్రతిసారీ నాలుగు సంగతులు నోటు పుస్తకంలో రాయండి: ఎన్ని గంటలకు పోయింది, ఎంతసేపటికి వచ్చింది, దీపాలు ఎలా ఉన్నాయి, అప్పుడు ఇంట్లో బయట ఏం జరుగుతోంది. గడియారం చూసే తీరిక లేకపోతే అస్ర్ తర్వాత, మగ్రిబ్ ముందు, ఇషా అయ్యాక అని రాసినా చాలు. పెద్దవాళ్లకు అదే తేలిక.

టైము రాయడం ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో జరిగిన సంఘటన ఒకటి ఉంది. అబర్‌హోసన్ అనే చిన్న పల్లెలో దాదాపు 18 నెలల పాటు ప్రతిరోజూ ఉదయం 7 గంటలకు ఊరందరి ఇంటర్నెట్ దెబ్బతినేది. అక్కడిది రాగి తీగల లైను. ఇంజనీర్లు కేబుళ్లు చాలా భాగం మార్చినా ఫలితం లేకపోయింది. చివరికి తెల్లవారుజామునే వచ్చి, విద్యుత్ రొదను పసిగట్టే యంత్రం పట్టుకుని వీధి వీధీ తిరిగారు. సరిగ్గా 7 గంటలకు ఆ రొద ఒక ఇంట్లోంచి రావడం గుర్తించారు. ఆ ఇంటివారు రోజూ ఆ సమయానికి ఒక పాత సెకండ్‌హ్యాండ్ టీవీ పెట్టుకుంటారు. దాంట్లోంచి వచ్చే రొదే ఊరందరి లైనునూ పాడుచేస్తోంది. వారు టీవీ వాడటం మానేశారు, సమస్య తీరిపోయింది. 2020 సెప్టెంబర్‌లో ఈ సంగతి ప్రపంచమంతా వార్త అయింది. ఫైబర్ లైనుకు టీవీ రొద తగలదు గానీ, ఈ సంఘటనలోని పాఠం మనకూ వర్తిస్తుంది. కేబుళ్లు మార్చినా దొరకనిది, "రోజూ ఏడింటికే ఎందుకు?" అని వెతికితే దొరికింది.

వారం రోజుల పుస్తకం చూస్తే మన ఇళ్లలోనూ ఇలాంటి వరుసలే కనిపిస్తాయి.

రోజూ మగ్రిబ్ నుంచి రాత్రి 10 గంటల దాకా నెమ్మదిగా ఉండి, తెల్లవారుజామున బాగుంటే, అది రద్దీ. అందరూ ఒకేసారి వాడటం వల్ల నాలుగో ముక్క ఇరుకవుతోంది. దాన్ని ఆపరేటరే సరిచేయాలి. గాలి వీచినప్పుడే పోతుంటే స్తంభం దగ్గర వైరు వదులుగా ఉంది, లేదా కొమ్మ రాసుకుంటోంది. వాన పడ్డాక పోయి, ఎండ వచ్చాక వస్తుంటే జాయింటు పెట్టెలోకి నీరు దిగుతోంది. మన జిల్లాకు ప్రధానమైన వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడేవే కాబట్టి, జాయింట్లు ఆ లోపే చూపించుకోవడం మంచిది. మే నెల మధ్యాహ్నాల్లోనే పోతుంటే పెట్టె వేడెక్కుతోంది. ఫ్రిజ్ గానీ మోటారు గానీ ఆన్ అయిన క్షణంలో పోతుంటే ఓల్టేజి తగ్గుతోంది, లేదా అడాప్టర్ బలహీనపడింది. కచ్చితంగా ఇన్ని గంటలకు ఒకసారి అన్న లెక్కన పోతుంటే, పెట్టె లోపలి సెట్టింగ్‌లోనో ఆపరేటర్ దగ్గరి లాగిన్‌లోనో తేడా ఉంది. ఏ వరుసా లేకుండా పోతుంటే ముందు కనెక్టర్లు, ప్లగ్గులు చూడాలి.

ఇంట్లోనే సరిచేసుకోగలిగినవి

పెట్టె ఉన్న చోటు: చాలా ఇళ్లలో వైఫై పెట్టెను టీవీ వెనకో, ఇనుప బీరువా మీదో, గోడ అరలోనో దాచిపెడతారు. ఇనుము, నీళ్ల ట్యాంకు, మందపాటి రాతి గోడలు వైఫైని మింగేస్తాయి. ఇంటికి నడుమ, మనిషి ఎత్తులో, గాలి తగిలేచోట పెట్టండి. మీద గుడ్డ కప్పకండి.

రెండు రకాల వైఫై: కొత్త పెట్టెల్లో 2.4, 5 అని రెండు రకాలు ఉంటాయి. 2.4 దూరం వెళుతుంది, గోడలు దాటుతుంది, కానీ ఇరుగుపొరుగు వైఫైలతోనూ మైక్రోవేవ్ ఓవెన్‌తోనూ కలగాపులగమవుతుంది. 5 వేగంగా ఉంటుంది, ఒక గోడ దాటేసరికి నీరసిస్తుంది. పెట్టె ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 వాడండి. వీధి ఇరుకైనదైతే 2.4లో 1, 6, 11 చానళ్లలో ఏది ఖాళీగా ఉందో చూసి దాన్ని పెట్టుకోవాలి. ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు ఆ మూడే.

పసుపు వైరు: గోడ నుంచి పెట్టెకు వచ్చే సన్నటి ఫైబర్ వైరును టీ గ్లాసు కంటే చిన్న చుట్టగా చుట్టకూడదు. తలుపు సందులో నలగకూడదు, మేకుకు బిగించి కట్టకూడదు. ఎక్కువ వంగిన చోట వెలుగు బయటికి కారిపోతుంది. కొనను ఊడదీసి వేలితో తుడవకండి. ఆ దుమ్ము, చెమట చాలు లైనును అంచుకు నెట్టడానికి. కొనలో ఉండే వెలుగు కంటికి కనబడదు గానీ లేజరు, కాబట్టి దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూడకూడదు. పిల్లలకు ఈ సంగతి గట్టిగా చెప్పండి.

కనెక్టర్ రంగు: ఫైబర్ కొనకు పచ్చ లేదా నీలం రంగు కనెక్టర్ ఉంటుంది. పచ్చదాని ముఖం కొంచెం వాలుగా చెక్కి ఉంటుంది, నీలందానికి ఆ వాలు ఉండదు. పచ్చదాన్ని నీలందాంట్లో దోపితే పనిచేసినట్టే ఉంటుంది కానీ వెలుగు చాలా వృథా అవుతుంది. పెట్టె మార్చినప్పుడు ఈ తేడా చూసుకోవాలి.

అడాప్టర్, మినీ యూపీఎస్: ఎక్కువ పెట్టెలు 12 ఓల్టుల మీద నడుస్తాయి. అడాప్టర్ పాతబడితే దీపం వెలుగుతూనే ఉంటుంది గానీ ఎక్కువ పని పడినప్పుడు ఓల్టేజి పడిపోయి పెట్టె తనంతట తానే ఆగి మొదలవుతుంది. రెండు నిమిషాల పాటు పోయి తిరిగొచ్చే లోపాల్లో ముందుగా చూడవలసింది ఇదే. అంతే ఓల్టు, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్ ఉన్న వేరే అడాప్టర్ ఒక రోజు అరువు తెచ్చి పెట్టి చూడండి. రెప్పపాటు కరెంటు పోయినా పెట్టె మళ్లీ లైనుకు కలవడానికి నాలుగైదు నిమిషాలు పట్టవచ్చు. చిన్న మినీ యూపీఎస్ పెడితే ఆ బాధ తీరుతుంది. అవి ఎక్కువగా వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మధ్య దొరుకుతాయి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గు తీసేయండి. ఫైబర్ గాజు కాబట్టి పిడుగు దాని గుండా రాదు, కరెంటు వైరు గుండా వస్తుంది.

బయటి లోపమైతే

స్తంభం మీది పెట్టెను మనం ముట్టుకోకూడదు. అదే స్తంభం మీద కరెంటు కూడా ఉంటుంది. ఫైబర్ వైరు తెగి కింద పడితే, దాంతోపాటు కరెంటు తీగ కూడా పడి ఉండవచ్చు. దూరంగా ఉండి 1912కు ఫోను చేయాలి.

ఆపరేటర్ మనిషి వచ్చినప్పుడు మూడు పనులు అడగండి. ఒకటి, మీ నోటు పుస్తకం, దీపాల ఫోటోలు చూడమనండి. "అప్పుడప్పుడు పోతోంది" అనే మాట కన్నా "వాన పడిన రెండు రోజులూ ఎర్రదీపం వెలిగింది" అనే మాటకు విలువ ఎక్కువ. రెండు, పవర్ మీటర్‌తో వెలుగు బలం కొలిచి అంకె చెప్పమనండి. ఆ అంకెను తేదీతో సహా పుస్తకంలో రాయండి. మూడు, మరమ్మతు చేశాక మళ్లీ కొలవమనండి. మైనస్ 26 ఉన్నది మైనస్ 20కి వస్తే పని జరిగినట్టు. రెండుసార్లూ ఒకే అంకె వస్తే అసలు కారణం ఇంకా దొరకలేదని గౌరవంగానే చెప్పవచ్చు.

నెల్లూరు నుంచి ఉదయగిరికి దాదాపు 100 కిలోమీటర్లు. అంత దూరం స్తంభాల మీదుగా, రోడ్డు అంచుల వెంట వచ్చే లైనుకు దారిలో గండాలు ఎన్నో ఉంటాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, పైపులు వేసేటప్పుడు కేబుళ్లు తెగుతాయి. ఇలా తవ్వకాల్లో తెగకుండా ముందే తెలియజేయడానికి కేంద్రం 2023 మార్చిలో ఒక ప్రత్యేక యాప్ కూడా తెచ్చింది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు జిల్లాలో రోడ్లు, రైలు మార్గమే కొట్టుకుపోయాయి. కోతుల సంగతి కొండ కింది ఊళ్లవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. వారణాసిలో గంగ ఒడ్డున వేసిన ఫైబర్ కేబుళ్లను కోతులు కొరికేస్తున్నాయని 2015లో వార్తలు వచ్చాయి. కాబట్టి లైను పోయిన ప్రతిసారీ ఆపరేటర్ నిర్లక్ష్యమే అనుకోవడం న్యాయం కాదు. అలాగని నెలల తరబడి ఊరుకోనక్కర్లేదు కూడా.

నోటి మాటగా చెప్పి వదిలేయకుండా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి, వారిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ నంబరు ఇవ్వాలి. పరిష్కారం దొరక్కపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. దానికి రుసుము లేదు. 39 రోజుల్లో వారు తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. ఈ మెట్లన్నిటిలోనూ మీ చేతిలో ఉండవలసింది ఆ నోటు పుస్తకమే.

దాతలకు మా మనవి

పరదేశంలో, పెద్ద నగరాల్లో ఉండి ఊరి బాగు కోరే మీకు మేము చెప్పదలచింది ఇది. ఒక కుటుంబానికి ఇంటర్నెట్ విషయంలో సాయం చేయాలనుకుంటే ముందు వారం రోజుల పుస్తకం అడగండి. అందులో ఎర్రదీపమే ఎక్కువగా ఉంటే కావలసింది రూటర్ కాదు, ఫిర్యాదు చేయడానికి తోడు. నలుగురైదుగురు ఇళ్లవాళ్లు కలిసి ఒకే అర్జీ పెడితే ఇంకా మంచిది. దీపాలన్నీ ఆరి వెలుగుతుంటే ఒక అడాప్టరో, మినీ యూపీఎస్సో చాలు. వెనక గదిలోనే రాకపోతే పెట్టె చోటు మార్చడం, లేదా పొడవైన ల్యాన్ కేబుల్ ఒకటి వేయించడం సరిపోతుంది. ఇవన్నీ చూశాక కూడా పెట్టెదే లోపమని తేలితే అప్పుడు కొత్తది కొనివ్వండి. ఒక రూటర్ ఖర్చుతో రెండు మూడు ఇళ్ల అవసరం తీర్చగలిగే సందర్భాలు ఇవి.

పరీక్షలు, దరఖాస్తుల విషయంలో ఇంకొక జాగ్రత్త. ఎంత మంచి లైనైనా ఒకరోజు పోతుంది. దరఖాస్తును చివరి తేదీకి మూడు రోజుల ముందే పూర్తిచేయమని పిల్లలకు చెప్పండి. ఇంటి లైను ఒక కంపెనీదైతే ఫోను సిమ్ వేరే కంపెనీది ఉండేలా చూసుకోవాలి, ముఖ్యమైన రోజున హాట్‌స్పాట్‌గా పనికొస్తుంది. అదీ కుదరకపోతే దగ్గర్లోని గ్రామ, వార్డు సచివాలయానికో, మీసేవ కేంద్రానికో వెళ్లవచ్చు. చదువుకునే పిల్లలకు రెండో సిమ్‌కు మూడు నెలల రీచార్జి చేయించడం కూడా మంచి సాయమే.

ఇంటర్, డిగ్రీ చదువుతున్న మన పిల్లల్లో ఉత్సాహం ఉన్నవారు ఈ పరీక్షలు నేర్చుకుంటే వీధికి ఒకరు చాలు. ఒక ల్యాన్ కేబుల్, ఒక మంచి అడాప్టర్, ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే వారు ఇంటింటికీ వెళ్లి లోపం ఏ ముక్కలో ఉందో చెప్పగలరు. ఆ మూడు వస్తువులు సమకూర్చడానికి ముందుకు వచ్చే దాతలు సంఘ కార్యాలయంలో తెలియజేయగలరు. మీ ఇంట్లోనూ నెట్ వచ్చిపోతుంటే, ఈ రాత్రి నుంచే టైము రాయడం మొదలుపెట్టండి.